ఆరు వారాల శిబిరం, మొదటి గంట నిద్ర

నేను ఒక జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తాను. ఏప్రిల్, మే నెలల్లో మాకు సెలవులు ఉంటాయి. 2024 వేసవిలో ఆ సెలవులను ఒక స్వచ్ఛంద సంస్థ సికింద్రాబాద్ రైల్వేస్టేషన్ దగ్గర నడిపిన వేసవి శిబిరంలో గడిపాను. ఫ్లైఓవర్ల కింద, ఫుట్‌పాత్‌ల మీద, రాత్రి మూసేసిన దుకాణాల అరుగుల మీద బతికే కుటుంబాల పిల్లల కోసం ఏర్పాటైన శిబిరమది. ఇలాంటి పనికి వెళ్లాలనుకునేవారు ఏ దశలు దాటవలసి వస్తుందో, అక్కడ నేను ఎక్కడెక్కడ తప్పటడుగులు వేశానో చెప్పడానికి ఇది రాస్తున్నాను. పిల్లల పేర్లు మాత్రం రాయడం లేదు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ లేకపోయినా రాసి ఉండేదాన్ని కాదు.

ఫోన్ చేస్తే మరునాడే రమ్మంటారని అనుకున్నాను. అలా జరగలేదు. దరఖాస్తు నింపించారు, నన్ను ఎరిగిన ఇద్దరి వివరాలు అడిగి వారితో మాట్లాడారు, పోలీసు వెరిఫికేషన్ పత్రం తెమ్మన్నారు. అన్నీ పూర్తయ్యేసరికి రెండు వారాలు పట్టింది. పైసా ఆశించకుండా చదువు చెబుతానంటే ఇన్ని ఆరాలేమిటని నాకు లోలోపల చిరాకు కలిగింది, అది మాటలోనూ కనబడి ఉంటుంది. శిబిరం బాధ్యురాలు నిదానంగా, "మేడం, ఈ పిల్లల దగ్గరికి ఎవరైనా రాగలరు. వీళ్లకు తలుపు లేదు, గొళ్లెం లేదు. అందుకే మా గుమ్మం కొంచెం ఎత్తుగా కట్టుకున్నాం," అన్నారు. ఆ తర్వాత వారు అడిగిన కాగితమల్లా ఇచ్చాను.

దాని తర్వాత రెండు రోజుల శిక్షణ ఉంది. మూసిన గదిలో ఏ పెద్దవారూ ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. ఫొటోలు తీయకూడదు. డబ్బు గానీ కానుకలు గానీ ఎవరికీ విడిగా ఇవ్వకూడదు. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు. తనకు జరిగిన హాని గురించి పిల్లవాడు చెబితే గుచ్చి గుచ్చి అడగకుండా విని, "ఎవరికీ చెప్పను" అని మాత్రం అనకుండా, వెంటనే బాధ్యురాలికి తెలపాలి. లైంగిక వేధింపు జరిగిందని అనుమానం వచ్చినా దాన్ని తెలియజేయడం పోక్సో చట్టం ప్రకారం ప్రతి పౌరుడి విధి, దాచడం నేరం. పిల్లల సహాయవాణి 1098 నంబరును అందరం నోటికి నేర్చుకోవలసి వచ్చింది. ఈ నియమాలన్నిటి కిందా సంతకం చేశాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు వీటిలో కష్టమైనదేదీ కనబడలేదు. ఆ అంచనా ఎంత తప్పో మూడు వారాల తర్వాత తెలిసింది.

ఈ శిబిరం వేసవిలోనే ఎందుకు పెడతారన్నది కూడా శిక్షణలోనే మొదటిసారి ఆలోచించాను. మనకు వేసవి శిబిరమంటే ఈత, చిత్రలేఖనం, కరాటే. ఇక్కడి లెక్క వేరు. ఆ ఏడాది తెలంగాణలో పాఠశాలలకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు సెలవులు. బడితో పాటు మధ్యాహ్న భోజనమూ ఆగిపోతుంది. ఈ పిల్లల్లో కొందరి పేర్లు ఏదో ఒక ప్రభుత్వ పాఠశాల హాజరు పట్టీలో ఉంటాయి. ఆ 49 రోజుల్లో కుటుంబం ఒక ఫ్లైఓవర్ కింది నుంచి మరో ఫ్లైఓవర్ కిందికి మారుతుంది, పిల్ల సిగ్నల్ దగ్గర పెన్నులమ్మడానికి అలవాటు పడుతుంది, జూన్ 12న గంట కొట్టినప్పుడు ఆమెను బడికి తోలేవారు ఉండరు. పిల్లలను ఆ తేదీ వరకు చేజారిపోకుండా పట్టి ఉంచడమే శిబిరం పని. చదువు చెప్పడం ఆ తర్వాతి మాట.

శిబిరం ఏప్రిల్ 29న ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మొదలైంది. రెండు గదులు, ఒక వరండా, ఒక కుళాయి, నీడనిచ్చే వేపచెట్టు ఉన్నాయి. మొదటి రోజు 23 మంది వచ్చారు. అయిదేళ్ల వారి నుంచి పదమూడేళ్ల వారి వరకు ఉన్నారు. కొందరిది పాలమూరు తెలుగు, కొందరిది హైదరాబాదీ హిందీ, ఇద్దరు అక్కాచెల్లెళ్లు తమలో తాము లంబాడీ మాట్లాడుకునేవారు. నన్ను మొదట "ఆంటీ" అన్నారు, రెండు రోజుల తర్వాత "టీచర్" అన్నారు. ఉదయం ఏడున్నరకు స్నానం, రాగి జావ. ఎనిమిదిన్నర నుంచి పాఠాలు, పన్నెండుకు భోజనం, ఆ తర్వాత బొమ్మలు, ఆటలు, కథలు. నాలుగు గంటలకు ఇంటికి అని రాయబోయి ఆగాను. ఆ మాటను మేము శిబిరంలో కూడా జాగ్రత్తగా వాడేవాళ్లం. "నాలుగు గంటలకు అమ్మ దగ్గరికి" అనేవాళ్లం.

నేను రాత్రంతా కూర్చుని చేసిన పాఠ్యప్రణాళిక మొదటి వారంలోనే పనికిరాకుండా పోయింది. ఎనిమిదిన్నరకు గదిలో కూర్చోబెట్టిన పావుగంటకు పిల్లలు ఒక్కొక్కరుగా తలలు వాల్చేవారు. జావ తాగి, స్నానం చేసి, ఫ్యాను కింద కూర్చుంటే కళ్లు మూతపడుతున్నాయి, ఇది బద్ధకమని అనుకున్నాను. గొంతు పెంచాను, చప్పట్లు కొట్టించాను, నిలబెట్టి ఎక్కాలు చెప్పించాను. బెలూన్లమ్మే తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె నిలబడే నిద్రపోయింది. గోడకు ఆనుకుని, మూడో ఎక్కం మధ్యలో, "మూడు ఆర్లు" దగ్గర ఆగిపోయింది. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం బాధ్యురాలు నన్ను వెంటబెట్టుకుని ఆ అమ్మాయి కుటుంబం ఉండే చోటికి తీసుకువెళ్లారు. ఫ్లైఓవర్ స్తంభానికి కట్టిన ప్లాస్టిక్ పట్టా, మూడు ఇటుకల పొయ్యి, గోనెసంచిలో బట్టలు కనబడ్డాయి. తల్లి కిందటి రాత్రి సంగతులు చెప్పింది. రాత్రి పన్నెండు దాకా బండ్ల మోత. ఆ తర్వాత లారీలు. రెండింటికి ఎవరో తాగి వచ్చి గొడవ చేశారు. నాలుగింటికి ఊడ్చేవాళ్లు వచ్చి లేపారు. ఆడపిల్ల ఉంది కాబట్టి తాను అసలు పడుకోనని, కూర్చునే కునుకు తీస్తానని ఆమె చెబుతుంటే, పిల్ల తల్లి ఒడిలో తల పెట్టి కళ్లు తెరుచుకునే వింటోంది. ఇల్లు లేకపోవడమంటే ఎండావానలకు నీడ లేకపోవడమేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ పిల్ల అన్నం కంటే ఎక్కువగా నోచుకోనిది నిద్ర అని తెలిశాక, నేను నవ్విన నవ్వు గుర్తుకొచ్చి చాలాసేపు మాట రాలేదు.

మరునాటి నుంచి ఎనిమిదిన్నర మొదలు తొమ్మిదిన్నర వరకు మొదటి పీరియడ్ నిద్ర. చాపలు పరిచాం, కిటికీలకు పాత చీరలు కట్టాం. ఆడపిల్లలకు ఒక గది, మగపిల్లలకు ఒక గది, రెండు గుమ్మాల దగ్గరా ఇద్దరిద్దరు వాలంటీర్లు తలుపులు బార్లా తెరిచి కాపలా కూర్చునేవారు. డిగ్రీ చదివే వాలంటీరు ఒకరు, "మనం వచ్చింది పడుకోబెట్టడానికా?" అని అడిగారు. తొమ్మిదిన్నర తర్వాత ఆ పిల్లల ముఖాలు చూసి మళ్లీ అడగలేదు. మే 7న సాయంత్రం నగరమంతా కుండపోత వాన కురిసింది. బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు చనిపోయింది ఆ వానకే. మరునాడు పిల్లలు తడి బట్టలతోనే వచ్చారు. ఆ రోజు మొదటి పీరియడ్ పదకొండు గంటల దాకా సాగింది. జావ కూడా వాళ్లు లేచాకే పోశాం.

ఆ వారంలోనే ఇంకో చిక్కు వచ్చింది. మే 13న లోక్‌సభ ఎన్నికల పోలింగ్. మా పాఠశాల పోలింగ్ కేంద్రం కావడంతో 11వ తేదీన తాళాలు అప్పగించవలసి వచ్చింది. నాలుగు రోజులు శిబిరం ఆపితే సగం మంది తిరిగి రారని బాధ్యురాలికి అనుభవం. ఆమె చుట్టుపక్కల నాలుగైదు చోట్ల అడిగి, కాదనిపించుకుని, చివరకు ఒక ఫంక్షన్ హాలు యజమానిని ఒప్పించారు. ఆ వేసవి మూఢమి కారణంగా పెళ్లి ముహూర్తాలు లేవు, హాలు ఎలాగూ ఖాళీగా ఉంది. పెళ్లిపందిరి వెనకాల నిలబెట్టే వెండిరంగు కుర్చీల మీద మా పిల్లలు వధూవరుల్లా కూర్చుని ఒకరి మీద ఒకరు అక్షింతలుగా కాగితం ముక్కలు చల్లుకున్నారు. చల్లటి పాలరాతి నేల మీద వాళ్లు నిద్రపోయినంత గాఢంగా ఎవరైనా నిద్రపోవడం నేను చూడలేదు. నాలుగో రోజు వెళ్లిపోతుంటే ఆరేళ్ల పిల్లవాడు ఒకడు, "టీచర్, మళ్లా ఓట్లు ఎప్పుడొస్తయి?" అని అడిగాడు.

ఇక చదువు సంగతి. ఈ పిల్లలకు లెక్కలు రావని అనుకోవడం పొరపాటు. బెలూన్లమ్మే అమ్మాయిని, ఒక్కో పెన్ను పదిహేను రూపాయలైతే ఏడింటికి ఎంత అని అడిగితే, నేను నల్లబల్ల వైపు తిరిగేలోపే "నూట అయిదు" అంది. రాయమంటే 1005 అని రాసింది. నూరు రాసి, దాని పక్కన అయిదు పెట్టింది. ఆమె దృష్టిలో అది సరైనదే, నోటితో పలికినట్టే రాసింది. దాదాపు అందరూ అలాగే రాశారు. స్థానవిలువను పుల్లల కట్టలతో, చింతగింజలతో, నోట్ల బొమ్మలతో నాలుగైదు రకాలుగా చెప్పాను. చెప్పినప్పుడు తలలూపేవారు, మరునాడు మళ్లీ 1005 రాసేవారు. మధ్యలో ఉన్న సున్నా అక్కడ ఎందుకుందో వాళ్లకు అంతుబట్టలేదు. ఏమీ లేనిదానికి చోటెందుకని ఒకడు అడిగాడు. ఇంటర్మీడియట్ పిల్లలకు ఏళ్లుగా లెక్కలు చెప్పే నా దగ్గర వాడికి సరైన జవాబు లేదు.

జవాబు మరోచోట దొరికింది. మే 23, గురువారం, పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్లాం. మొదట శుక్రవారం అనుకున్నాం గాని, ఆ రోజు మ్యూజియానికి సెలవని ఎవరో గుర్తుచేశారు. సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ బస్సెక్కాం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, కానీ గుర్తింపు కార్డు చూపాలి. మా ఆడపిల్లల్లో చాలామందికి ఆధార్ లేదు. కండక్టరు మా జాబితా చూశారు, పిల్లలను చూశారు, ఇంకేమీ అడగకుండా తలా ఒక జీరో టికెట్ కొట్టి ఇచ్చారు. మగపిల్లలకు సగం టికెట్లు కొన్నాం. మ్యూజియంలో వాళ్లు అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది గడియారం ముందు. పన్నెండు కొట్టే వేళకు అక్కడ ఎప్పుడూ జనం గుమిగూడతారు. గడ్డపు బొమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చి పన్నెండుసార్లు గంట కొడుతుంటే, మా పిల్లలు బిగ్గరగా లెక్కపెట్టారు. పక్కన ఉన్న కుటుంబాల పిల్లలూ గొంతు కలిపారు. ఆ పన్నెండు దెబ్బల సేపూ ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో ఎవరికీ పట్టలేదు.

మరునాడు చూస్తే ఆడపిల్లలందరి దగ్గరా ఆ జీరో టికెట్లు భద్రంగా ఉన్నాయి. ఒకతె లంగా అంచులో ముడివేసి దాచుకుంది. నాకేదో తోచి, టికెట్ మీద ధర ఎంత ఉందని అడిగాను. సున్నా అన్నారు. "మరి సున్నా రూపాయల టికెట్ ఎందుకు? అది లేకుండానే ఎక్కితే సరిపోదా?" అన్నాను. బెలూన్ల అమ్మాయి నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూసి, "అట్లెట్ల టీచర్? పైసలు లేవుగానీ సీటు నాదే గద," అంది. నేను ఆమెను బల్ల దగ్గరికి పిలిచి 1, 5 రాసి మధ్యలో ఒక ఖాళీ వదిలాను. నూట అయిదులో పదుల సీటు ఎవరిదని అడిగాను. పదులు లేవు, కానీ సీటు ఉండాలి అంటూ ఆమే అందులో సున్నా పెట్టింది. ఆ రోజు తర్వాత 1005 రాసినవాడు ఒక్కడే. వాడు అంతకుముందు రోజు మాతో రాలేదు.

ఆ వారమే శిక్షణలో నేను సులువనుకున్న నియమం నాకు ఎదురు తిరిగింది. స్టేషన్ వైపు నుంచి పదమూడేళ్ల పొడవాటి కుర్రవాడు ఒకడు కొద్ది రోజులుగా వస్తున్నాడు. తల్లితో పాటు ఉంటానని చెప్పాడు. చిన్నపిల్లలకు గిన్నెలు కడిగిపెట్టేవాడు, నాకు సుద్దముక్కలు అందించేవాడు. ఒక మధ్యాహ్నం వేపచెట్టు కింద చాపలు మడుస్తూ, "టీచర్, ఒకటి చెప్తా, ఎవ్వరికీ చెప్పొద్దు," అన్నాడు. "చెప్పనులే," అన్నాను. మాట ఇస్తున్నానన్న స్పృహ కూడా నాకు లేదు, నోటి అలవాటుగా అనేశాను. తల్లి లేదని, వేరే జిల్లా నుంచి రైలెక్కి ఒంటరిగా వచ్చేశానని, రాత్రుళ్లు పెద్దకుర్రాళ్లతో ఉంటున్నానని, వాళ్లు మత్తు కోసం వైట్నర్ పీల్చమని బలవంతపెడుతున్నారని చెప్పాడు.

తోడులేని బిడ్డ కనబడితే తెలపడం చట్టప్రకారం తప్పనిసరి. తెలిపాక 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. నేను వెళ్లి బాధ్యురాలికి చెప్పాను, ఆమె 1098కు ఫోన్ చేశారు. సాయంత్రం జిల్లా బాలల సంరక్షణ విభాగం వారు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. ఆ కుర్రవాడు ఏడవలేదు, పారిపోలేదు. జీపు ఎక్కబోతూ నా వైపు తిరిగి, "చెప్పనన్నవ్ గద టీచర్," అన్నాడు. అంతే. చేసిన పని సరైనదని నాకు ఆనాడూ తెలుసు, ఈనాడూ తెలుసు. తప్పు జరిగింది అంతకుముందు, ఆ రెండు ముక్కల మాట దగ్గర. "నీకు మంచి చేసేవాళ్లకు మాత్రమే చెబుతాను" అని శిక్షణలో మాకు నేర్పిన వాక్యం ఉంది. అది నోటికి రాలేదు. వాడు ఆ తర్వాత ఎక్కడున్నాడన్న వివరం వాలంటీర్లకు చెప్పరు, అడగకూడదు కూడా. శిబిరానికి వెళ్లదలచినవారు నా అనుభవంలోంచి ఒక్కటే తీసుకోదలిస్తే, ఆ వాక్యాన్ని అద్దం ముందు నిలబడి పదిసార్లు పైకి అనుకుని వెళ్లమంటాను.

జూన్ మొదటివారమంతా కాగితాలతోనే గడిచింది. హాజరు మధ్యలో ఒక రోజు 41 వరకు వెళ్లి, చివరికి 29 దగ్గర నిలిచింది. వారిలో 17 మందిని కొత్తగా బడిలో చేర్చాలి. వయసు పత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతోంది. ఈ రెండు సెక్షన్ల నకళ్లు సంచిలో పెట్టుకుని తిరిగాం. ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయులు చదివి తిరిగి ఇచ్చేస్తూ, "చట్టం ఒప్పుకుంటుందమ్మా, కంప్యూటర్ ఒప్పుకోదు. ఆధార్ లేకపోతే నమోదు ముందుకు కదలదు," అన్నారు. ఆయన ఇబ్బందీ నిజమే. మూడోసారి వెళ్లినప్పుడు, ముందు రిజిస్టరులో రాసుకుని ఆధార్ వచ్చాక ఆన్‌లైన్‌లో ఎక్కిస్తానని ఒప్పుకున్నారు.

వయసు తేల్చడం మరో కథ. తల్లి ఇచ్చే ధ్రువీకరణ చాలు, కానీ తల్లికి తేదీ తెలియదు. బెలూన్ల అమ్మాయి తల్లిని అడిగితే, "కృష్ణా పుష్కరాలకు బోయినప్పుడు చంకల ఉండె. అప్పుడప్పుడే అడుగులేస్తుండె," అంది. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టులో. అప్పటికి ఏడాది పిల్ల అనుకుంటే 2015 నడివేసవిలో పుట్టి ఉంటుంది, అంటే తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పుట్టినతేదీ గడిలో ప్రధానోపాధ్యాయులు జూన్ నెల వేశారు. మా తరంలో కూడా పంతుళ్లు ఇలాగే వేయబట్టి, నాతో చదివినవారిలో సగం మంది కాగితాల మీద జూన్‌లోనే పుట్టారు. నేనూ ఆ సగంలోదాన్నే. ఆ మాట చెబితే ఆ అమ్మాయి ఎంతో సంబరపడి, "అయితే మన పుట్టిన్రోజు ఒక్కటే," అంది.

జూన్ 12న 17 మందిలో 14 మంది గుమ్మం దాటారు. ఇద్దరి కుటుంబాలు అంతకుముందు రాత్రే ఎటో వెళ్లిపోయాయి. ఒక అమ్మాయిని తమ్ముణ్ణి చూసుకోవడానికి తల్లి ఆపేసింది. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో చేర్చాక ఆమె నెలాఖరుకు వచ్చింది.

మా కళాశాల మొదలయ్యాక నేను నెలకోసారి మాత్రమే వెళ్లగలిగాను. జూలైలో ఒక శనివారం పొద్దున నాలుగో తరగతి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. బెలూన్ల అమ్మాయి చివరి వరసలో, సంచిని తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. తరగతి ఉపాధ్యాయురాలు వరండాలోకి వచ్చి, తెలివైన పిల్లే గాని రోజూ మొదటి పీరియడ్ ఇదే వరస అని, కొట్టకూడదు, తిట్టినా లాభం లేదు, ఏం చేయమంటారని అడిగారు. నేను చాపల సంగతి, పాత చీరల సంగతి, ఫ్లైఓవర్ కింద నాలుగింటికి ఊడ్చేవాళ్ల సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు లోపలికి చూసి, "హాజరు పిలిచాక ఒక అరగంట లేపనులెండి," అన్నారు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "పెద్దసారు రౌండుకు వస్తే మాత్రం లేపుతాను, అది మాత్రం నన్ను అడగొద్దు," అన్నారు.